సిమ్ ఎవరి పేరు మీద ఉంది?

ప్రశ్న: విజయవాడలో మాది మందుల హోల్‌సేల్ షాపు. 14 మంది కుర్రాళ్లు బయట తిరుగుతారు, అందరి రీఛార్జులూ నేనే కడతాను. ఖర్చు నెలనెలా పెరుగుతోంది. ఎలా తగ్గించుకోవాలండీ?

జవాబు: ముందు ఇది చెప్పండి, ఆ సిమ్‌లు ఎవరి పేరు మీద ఉన్నాయి? కుర్రాళ్ల పేరు మీదే అయితే ఖర్చు కంటే పెద్ద టెన్షన్ అదే, ఎందుకంటే ఆ అబ్బాయి మానేసిన రోజున నంబరూ, దానికి అలవాటు పడ్డ మెడికల్ షాపులూ అతని వెంటే పోతాయి. వాళ్లను ఒప్పించి సంస్థ పేరు మీదికి మార్చుకోండి. పోస్ట్‌పెయిడ్ బిల్లు మీద మీ జీఎస్టీ నంబరు వేయిస్తే, వ్యాపారానికి వాడిన దాని మీద కట్టిన 18 శాతం పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోవచ్చు, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకోవచ్చు (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టే కాంపోజిషన్ స్కీములో ఉంటే మాత్రం రాదు). తర్వాత మూడు నెలల బిల్లులు ముందేసుకుని కూర్చోండి, ఎప్పుడో మానేసిన వాళ్ల కనెక్షన్లు ఒకటో రెండో దొరకొచ్చు. గోడౌన్‌లో కూర్చునే మనిషికి రోజుకు రెండు జీబీ డేటా ఎందుకసలు? 2024 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ చెప్పాక డేటా లేని, కాల్స్‌కీ ఎస్ఎమ్మెస్‌లకీ మాత్రమే ఉండే ప్రీపెయిడ్ ప్లాన్లు వచ్చాయి, అవి చూడండి. వేరే కంపెనీ ధర నచ్చితే నంబరు మారకుండానే పోర్ట్ అవ్వచ్చు, కాకపోతే సంస్థ పేరు మీదున్న వాటికి ఆథరైజేషన్ లెటర్ అడుగుతారు.