డిసేబిలిటీ పింఛను రిజెక్ట్ అయిన తమ్ముడికి

తమ్ముడూ,

ఆర్మీ సర్వీసులో వచ్చిన జబ్బుకు నువ్వు డిసేబిలిటీ పింఛను అడిగితే, మన సర్వీసు కాగితాలు చూసే రికార్డ్ ఆఫీసు ఆ క్లెయిమ్ తిప్పికొట్టిందని ఫోన్లో చెప్పావు. మొదట్లో కాదన్న క్లెయిములు అప్పీల్లోనో ట్రిబ్యునల్లోనో నిలబడ్డవి చాలా ఉన్నాయి. అందుకని ధైర్యంగా ఉండు. అలాగని కోపంలో ఇవాళే అర్జీ రాసి పంపకు. ముందు ఆ లెటర్ మీద తేదీ చూడు. ఫస్ట్ అప్పీలుకు ఆరు నెలలు గడువు. కవరు మీద పోస్టాఫీసు ముద్ర ఉంటుంది, దాన్ని కూడా లెటర్‌తో కలిపి దాచు. కాగితం ఆలస్యంగా అందిందని చూపించాల్సి వస్తే అదే నీకు రుజువు.

మొదటి నెల కాగితాలు తెప్పించుకోడానికే పెట్టుకో. మీ రికార్డ్ ఆఫీసుకు సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టు. ఈఎంఈ (మరమ్మతుల విభాగం), ఏఓసీ (ఆయుధ సామగ్రి విభాగం) వాళ్లకైతే ఆ ఆఫీసు సికింద్రాబాద్, ఆర్టిలరీకి నాసిక్, సిగ్నల్స్‌కు జబల్‌పూర్, మద్రాస్ రెజిమెంట్‌కు వెల్లింగ్టన్. 10 రూపాయల పోస్టల్ ఆర్డర్ జతచేస్తే సరిపోతుంది, 30 రోజుల్లో జవాబు రావాలి. "నా మెడికల్ వివరాలు ఇప్పించండి" అని రాస్తే ఏదో రెండు పేజీలు పంపి ఊరుకుంటారు. ఒక్కో కాగితం పేరు పెట్టి అడుగు: భర్తీ అయినప్పటి మెడికల్ రిపోర్టు, రిలీజ్ మెడికల్ బోర్డు (సర్వీసు నుంచి వచ్చేసేటప్పుడు పరీక్షించిన డాక్టర్ల బోర్డు) ప్రొసీడింగ్స్ అన్ని పేజీలూ, మధ్యలో నీ మెడికల్ కేటగిరీ, అంటే ఫిట్‌నెస్ స్థాయి, మార్చిన ప్రతి బోర్డు కాగితం, ఆస్పత్రి కేస్ షీట్లు, దెబ్బ తగిలి ఉంటే ఇంజురీ రిపోర్టు, కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ (యూనిట్ జరిపిన విచారణ) కాపీ, తేదీలతో సహా నీ పోస్టింగుల జాబితా.

రిలీజ్ బోర్డు ప్రొసీడింగ్స్ చేతికి రాగానే నేరుగా బోర్డు అభిప్రాయం రాసిన భాగానికి వెళ్లు. అక్కడొక పట్టిక ఉంటుంది. ఎడమవైపు జబ్బు పేరు. పక్కన మూడు గళ్లు: సర్వీసు వల్ల వచ్చిందా, సర్వీసు వల్ల ముదిరిందా, సర్వీసుతో సంబంధమే లేదా. చివరి గడిలో కారణం. దాని తర్వాత శాతాలు: ఒక్కో జబ్బుకు విడిగా ఎంత, అన్నీ కలిపి కాంపోజిట్ ఎంత, పింఛనుకు లెక్కలోకొచ్చే నికర శాతం ఎంత. ఉదాహరణకు బీపీకి 30 శాతం వేసి, నికరం దగ్గర నిల్ అని రాసి ఉంటే, మొదటి రెండు గళ్లలో "నో" పడిందని అర్థం. మనవాళ్లు "నానా" (సర్వీసు వల్ల రానూ లేదు, ముదరనూ లేదు అనే ఇంగ్లీషు మాటకు పొట్టిపేరు) కొట్టారనేది దీన్నే. ఇంక నీ అప్పీలంతా ఆ చివరి గడిలో రాసిన ఒకటి రెండు వాక్యాల మీదే నడవాలి.

సాధారణంగా ఆ గడిలో "పీస్ స్టేషన్లో (పోరు లేని మామూలు పోస్టింగులో) మొదలైంది" అనో, "కాన్‌స్టిట్యూషనల్" (శరీర తత్వం వల్ల వచ్చింది) అనో, "లైఫ్‌స్టైల్ జబ్బు" అనో ఉంటుంది. దీనికి బలమైన జవాబు 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. భర్తీ అయినప్పటి రికార్డులో ఆ జబ్బు ప్రస్తావన లేకపోతే, మనిషి ఆరోగ్యంగానే చేరాడని భావించాలి. జబ్బుకు సర్వీసుతో సంబంధం లేదని నిరూపించే బాధ్యత ప్రభుత్వానిదే. చేరేటప్పుడు పరీక్షలో పట్టలేకపోయామంటే, ఎందుకు పట్టలేకపోయారో బోర్డు కారణం రాయాలి. ఉత్త ముక్తసరి మాట చెల్లదు. ఒక్క జాగ్రత్త: 2023 సెప్టెంబర్ 21 నుంచి కొత్త ఎన్‌టైటిల్‌మెంట్ రూల్స్ (ఈ పింఛను ఎవరికి వస్తుందో చెప్పే నియమాలు) వచ్చాయి. నీ డిశ్చార్జ్ తేదీ దానికి ముందో తర్వాతో డిశ్చార్జ్ బుక్కులో చూసుకుని, ఏ రూల్స్ వర్తిస్తాయో అప్పీల్లో స్పష్టంగా రాయి. ఇది కలగాపులగం చేస్తే మంచి కేసు కూడా చెడుతుంది.

తీర్పు పేరు ఒక్కటే రాస్తే సరిపోదు, నీ పోస్టింగుల జాబితాను దానికి జోడించాలి. ఒక కాగితం మీద రెండు నిలువు వరసలు గీయి. ఒకదాంట్లో ఫీల్డు, హై ఆల్టిట్యూడ్ (ఎత్తయిన కొండలు), కౌంటర్ ఇన్సర్జెన్సీ (తీవ్రవాదుల మీద పోరు) పోస్టింగులు తేదీలతో. రెండోదాంట్లో బీపీ మొదటిసారి పట్టిన తేదీ, మందులు మొదలుపెట్టిన తేదీ, కేటగిరీ దిగిన తేదీలు. కశ్మీర్ నుంచి దిగిన ఎన్నో నెలలో జబ్బు బయటపడిందో, బయటపడ్డాక మళ్లీ ఎక్కడికి పంపారో అందులో కనిపిస్తుంది. సర్వీసు వల్ల వచ్చిందని చూపలేకపోయినా, ముదిరిందని చూపగలిగితే చాలు, పింఛనుకు రెండూ సమానమే. ప్రతి బోర్డులో నీ బరువెంతో కూడా చూసుకో. బరువెక్కువనీ, సిగరెట్టు తాగుతాడనీ రాసి ఉంటే అవతలివాళ్లు దాన్నే పట్టుకుంటారు. జవాబు సిద్ధంగా ఉంచుకో.

గుండె జబ్బయితే, అది రావడానికి ముందు 14 రోజులు నువ్వు చేసిన డ్యూటీల వివరం యూనిట్ నుంచి బోర్డుకు వెళ్లి ఉండాలి. ఆ కాగితం ఫైల్లో లేకపోతే, లేదనే విషయాన్నే అప్పీల్లో పెట్టు. సెలవులో జరిగిన ప్రమాదాల కేసులు కష్టం. యూనిట్ నుంచి ఇంటికి, ఇంటి నుంచి యూనిట్‌కు ప్రయాణంలో జరిగినవి డ్యూటీ కిందికి వస్తాయి. ఊళ్లో సొంత పనిమీద తిరుగుతూ పడిపోతే మాత్రం సర్వీసుతో సంబంధం చూపడం చాలా కష్టం.

20 శాతం కన్నా తక్కువ వేసి కాదన్నారంటే ఆ దారి వేరు. శాతం ఎందుకు తక్కువో పరీక్షల ఫలితాలతో ప్రశ్నించి, మళ్లీ మెడికల్ బోర్డు పెట్టమని అడగాలి. అయితే ఆ జబ్బుతోనే సర్వీసు నుంచి బోర్డవుట్ చేసి (పనికిరావని మధ్యలోనే పంపేసి) ఉంటే, దాన్ని 20కి పైనే అనుకోవాలని 2014లో సుఖ్‌విందర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

అప్పీలు రెండు మూడు పేజీలు దాటనీయకు. పొగాకు రేటు పడిపోయింది, రొయ్యల గుంట మునిగింది, పాప పెళ్లికుంది. ఇవన్నీ నిజమైన బాధలే తమ్ముడూ, కానీ అప్పీలు కమిటీ చూసేది జబ్బుకూ సర్వీసుకూ ముడి ఉందా లేదా అన్నది ఒక్కటే. చివర్లో అడగాల్సింది రెండు: డిసేబిలిటీ ఎలిమెంట్ (పింఛనులో డిసేబిలిటీకి ఇచ్చే భాగం), దానితోపాటు రౌండింగ్ ఆఫ్. ఈ రెండోది చాలామంది మరిచిపోతారు. 20 నుంచి 50 లోపున్న శాతాన్ని 50గా లెక్కగట్టాలి. సర్వీసు పూర్తి చేసుకుని వచ్చినవాళ్లకూ ఇది వర్తిస్తుందని 2014 డిసెంబర్ 10న సుప్రీంకోర్టులో రామ్ అవతార్ కేసులో తేలింది. నూరు శాతం డిసేబిలిటీకి ఆఖరి జీతంలో 30 శాతం వస్తుంది. ఆఖరి జీతం 50,000 అనుకో. 30 శాతం డిసేబిలిటీకి నెలకు 4,500, రౌండింగ్ తర్వాత 7,500. డీఆర్ (పింఛనుదార్ల కరువు భృతి) అదనం.

అప్పీలు రికార్డ్ ఆఫీసు ద్వారానే వెళ్తుంది. స్పీడ్ పోస్టులో పంపి, అందినట్టు రుజువు తీసుకో. ఒక కాపీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఇవ్వు. నెల్లూర్లోనూ ఒంగోల్లోనూ ఉంది, డబ్బేం తీసుకోరు. వచ్చే బకాయిలో వాటా అడిగే మధ్యవర్తులకు ఒరిజినల్ డిశ్చార్జ్ బుక్కు ఇవ్వనే ఇవ్వకు.

ఫస్ట్ అప్పీలు పోతే, మళ్లీ ఆరు నెలల్లో సెకండ్ అప్పీలు. పెట్టిన అప్పీలుకు ఆరు నెలలు దాటినా జవాబు రాకపోతే, ఊరికే ఎదురుచూడకుండా సైనికుల కేసులు వినే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. ఆంధ్రాకు చెన్నై బెంచ్. మనకు రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి దిగే దూరమే. ఆఖరి ఆర్డరు వచ్చిన ఆరు నెలల్లో వేయాలి. ఆలస్యమైతే కారణం చెప్పి, ఆలస్యాన్ని మన్నించమనే పిటిషన్ కలిపి వేస్తారు. పింఛను నెలనెలా రావాల్సిన సొమ్ము కాబట్టి ఏళ్లు గడిచిన కేసులనూ వింటారు. కానీ బకాయి మాత్రం చాలా కేసుల్లో కేసు వేసిన నాటి నుంచి వెనక్కి మూడేళ్లకే ఇచ్చారు. ఆలస్యానికి నష్టం అక్కడే.

ఆర్డరు నీకు అనుకూలంగా వచ్చాక కారిజెండం పీపీఓ (సవరించిన పింఛను ఆర్డరు) స్పర్శ్‌లో, అంటే సైనిక పింఛన్ల ఆన్‌లైన్ పోర్టల్‌లో పడుతుంది. అందులో మూడు చూడు: శాతం 50 వేశారా, ఏ తేదీ నుంచి ఇచ్చారు, జీవితాంతమా లేక కొన్నేళ్లకేనా. ఆర్డర్లో ఉన్నదానికీ ఇందులో ఉన్నదానికీ ఏది తేడా వచ్చినా అదే వారం రికార్డ్ ఆఫీసుకు రాతపూర్వకంగా తెలియజెయ్యి.

అన్నయ్య