వెలుతురు చాలని హాల్లో చేపల తొట్టి: లావణ్యకు బాబాయి ఉత్తరం

సత్యనారాయణపురం,
విజయవాడ.

చిరంజీవి లావణ్యకు బాబాయి ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. పక్క అపార్ట్‌మెంట్ గోడ అడ్డం రావడంతో హాల్లో పగలు కూడా లైటు వేసుకోవాల్సి వస్తోందనీ, అలాంటి చోట నీటి మొక్కలు బతకవని షాపతను చెప్పాడనీ రాశావు. ఆ మాట పట్టించుకోకు. మన ఎండల్లో అక్వేరియం పెట్టుకునేవాళ్ళకి చీకటి హాలు దొరకడం అదృష్టం. కిటికీ పక్కన పెట్టుకున్న వాళ్ళ తొట్లలో నీళ్ళు చూస్తూండగానే పచ్చబడిపోయి, చేప ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తుంది. వదిన ఈశాన్యం మూలే కావాలంటోందన్నావు. ఆ మూల పొద్దుటి ఎండ పడకపోతే సరే. పడితే మాత్రం ఫోను వదినకివ్వు, నేను మాట్లాడతాను.

అసలు కిటుకంతా లైటులోనే ఉందమ్మా. మొక్కకి వెలుతురు, కార్బన్ డయాక్సైడు, ఎరువు మూడూ కావాలి. వెలుతురు పెంచావా, మిగతా రెండూ అదే లెక్కన పెంచాలి. లేకపోతే మొక్క వాడుకోలేని వెలుతురంతా పాచికి పోతుంది. పొయ్యి మంట పెంచితే గరిటె పట్టుకుని పక్కనే నిలబడాలి, సిమ్‌లో పెడితే వేరే పని చూసుకోవచ్చు, ఇదీ అంతే. సిలిండర్లు, గ్యాసు గొట్టాలు, రోజూ చుక్కలు లెక్కపెట్టి ఎరువులు పోయడం నీ ఉద్యోగంతో కుదిరే పని కాదు. రెండడుగుల తొట్టికి పది వాట్ల ఎల్ఈడీ ట్యూబు చాలు, డబ్బా మీద కూల్ డేలైట్, 6500 కె అని ఉన్నది తీసుకో. రోజుకి ఆరు గంటలు, మరీ అయితే ఏడు. చేత్తో వేసి ఆర్పడం పెట్టుకుంటే ఎప్పుడో ఒకప్పుడు మర్చిపోతావు, కాబట్టి ప్లగ్గు టైమరు కొను. చుట్టాలొచ్చారని రాత్రి పదకొండు దాకా వెలిగించి ఉంచొద్దు.

తొట్టి రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉంటే 56 లీటర్లు పడుతుంది. ఇసుక, రాళ్ళు, అద్దం కలిపితే బరువు ఎనభై కిలోల దాకా వస్తుంది. టీవీ స్టాండు మీద కాదు, ఇనుప స్టాండు చేయించి, పైన థర్మాకోల్ షీటు వేసి పెట్టు. నింపాక జరపకూడదు. గుండ్రటి గాజు బౌల్ జోలికి వెళ్ళకు, నీళ్ళు తక్కువైన కొద్దీ పాడవడం త్వరగా అవుతుంది.

రంగురాళ్ళు కూడా వద్దు. మీ వీధిలో ఎవరో ఇల్లు కడుతూనే ఉంటారు, నాలుగు గంపల కృష్ణ ఇసుక అడిగి తెచ్చుకో. జల్లెడ పట్టి, బక్కెట్లో వేసి, పైకి తేలిన నీళ్ళు తేటగా వచ్చేదాకా కడుగు. విసుగొస్తుంది, అయినా కడుగు. చిటికెడు ఆరబెట్టి దాని మీద వెనిగర్ చుక్కలు వెయ్యి. బుడగలు లేస్తే అందులో సున్నం ఉన్నట్టు, అది నీళ్ళలో కరిగి వాటిని ఇంకా గట్టి నీళ్ళు, అంటే లవణాలెక్కువైన నీళ్ళు చేస్తుంది. తెల్ల మార్బుల్ ముక్కలు, సముద్రపు గవ్వలు కూడా అదే బాపతు. పొలం మట్టి అడుగున వేస్తే మొక్కలు విరగ్గాస్తాయని చెప్పేవాళ్ళుంటారు. గుంటూరు చుట్టుపక్కల మిరప, పత్తి పొలాల్లో ఏ మందులు కొట్టారో మనకేం తెలుసు? ఆ ప్రయోగం మనకొద్దు.

ఇక మొక్కలు. మొదటిది అనూబియాస్ నానా. పశ్చిమాఫ్రికా నుంచి వచ్చిన మొక్క, కానీ కుటుంబం మన చేమ, కందలదే. ఆకు దళసరిగా ఉంటుంది, చేపలు పెద్దగా ముట్టవు. ఆకులకీ వేళ్ళకీ మధ్య వేలెడు పొడవున ఆకుపచ్చటి దుంపలాంటి కాండం పాకుతూ ఉంటుంది చూడు, దాన్ని ఇసుకలో పూడ్చావంటే కుళ్ళి, ఆకులు మొదలంటా ఊడి తేలతాయి. చాలామంది ఇళ్ళలో ఈ మొక్క చచ్చేది ఇందుకే. రాయికో కర్రకో నూలు దారంతో కట్టు, లేదా తడి తుడిచి ఫెవిక్విక్ ఒక్క చుక్క వేసి నొక్కి పట్టుకో. ఆరాక చేపలకేం కాదు. నెలకి ఒకటో రెండో ఆకులొస్తాయి. కొత్త ఆకు గొట్టంలా చుట్టుకుని లేతాకుపచ్చ రంగులో బయటికొచ్చి, నాలుగైదు రోజుల్లో విప్పుకుంటుంది. అది కనబడిందంటే మొక్క కుదురుకున్నట్టే.

రెండోది జావా ఫెర్న్, దీన్నీ పూడ్చకూడదు. ముదురు ఆకు అడుగున వరసగా నల్లటి చుక్కలొస్తే తెగులని కత్తిరించకు. ఆ ఆకు మీదే పిల్ల మొక్కలు పుట్టి, సన్నటి వేళ్ళు దించి, ఒకరోజు వాటంతటవే విడిపోతాయి. మూడోది క్రిప్టోకొరైన్. ఇది ఇసుకలోనే నాటాలి. నాటిన వారానికి ఆకులన్నీ జారి జావైపోతే కంగారు పడి పీకెయ్యకు. చోటు మారితే దానికది అలవాటు. పాడైన ఆకులు తీసేసి వేరు కదపకుండా వదిలెయ్, కొన్ని వారాల్లో మళ్ళీ చిగురేస్తుంది. ఎరువు బిళ్ళ కావాలంటే దీని మొదట్లో ఒక్కటి గుచ్చు. వెనక వరసకి వాలిస్‌నేరియా, రిబ్బన్లలాంటి ఆకులు. ఇది మన కొల్లేరులో పెరిగేదే, గట్టి నీళ్ళంటే దానికి ఇష్టం కూడా. అలాగని బందరు కాలవలోంచో చెరువులోంచో మొక్కలు పట్టుకురావొద్దు, జలగలు, రోగాలు వాటితోపాటే ఇంటికొస్తాయి.

నీళ్ళ విషయంలో మాకూ మీకూ తేడా ఉంది. మాకు కుళాయిలో కృష్ణ నీళ్ళు. క్లోరిన్ తప్ప పెద్ద సమస్య లేదు, వెడల్పాటి బక్కెట్లో ఒక రోజు మూత లేకుండా ఉంచితే చాలావరకు పోతుంది. వరద నీళ్ళొచ్చే రోజుల్లో క్లోరిన్ ఎక్కువ కలుపుతారు, అప్పుడు షాపుల్లో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు వాడాలి. మీ సంపులో మున్సిపల్ నీళ్ళూ బోరు నీళ్ళూ కలుస్తాయి కదా, నీళ్ళలో కరిగిన లవణాలెన్నో చూపించే టీడీఎస్ మీటరు పెట్టి చూడు. అంకె వెయ్యి దాటితే సగానికి సగం ఆర్వో నీళ్ళు కలుపు. పూర్తిగా ఆర్వో నీళ్ళే పొయ్యకు, అందులో మొక్కకి గానీ చేపకి గానీ కావలసిన లవణాలుండవు. రోజూ ఆవిరై తగ్గినంత మేరకు మాత్రం ఆర్వో నీళ్ళే పొయ్యి, ఎందుకంటే ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పులు తొట్టిలోనే మిగులుతాయి.

తొట్టి నింపిన రోజే చేపలు తెచ్చే పని పెట్టుకోకు. చేప విసర్జన, మిగిలిన మేత అమోనియా అవుతాయి. దాన్ని ఒక రకం బాక్టీరియా నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ విషాలే, మూడోది మొక్కకి ఎరువు. ఈ బాక్టీరియా ఫిల్టరు స్పాంజిలో, ఇసుకలో స్థిరపడటానికి నెలా నెలన్నర పడుతుంది. బోరు నీళ్ళ పీహెచ్, అంటే క్షార గుణం, ఎక్కువగా ఉంటే అమోనియా ఇంకా కాటేస్తుంది, కాబట్టి నువ్వు మరీ ఓపిక పట్టాలి. మొక్కలు నాటి, ఫిల్టరు తిప్పుతూ, రోజు విడిచి రోజు రెండు గింజల చేప మేత వేస్తూ ఉండు. టెస్టు కిట్‌లో అమోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాకే చేపలు. ఈలోగా అద్దాల మీద గోధుమ రంగు దుమ్ములా పడుతుంది, కొత్త తొట్టిలో మామూలే, తుడిచెయ్.

మీ నీళ్ళకి గప్పీ చేపలు సరిపోతాయి. మగవి ఆరు తీసుకో, తోక రంగులన్నీ వాటికే. ఒక్క ఆడది వచ్చినా, అది ముందే కట్టి ఉంటే నెలల తరబడి పిల్లల్ని పెడుతూనే ఉంటుంది, తర్వాత పంచడానికి చుట్టాలు చాలరు. నియాన్ టెట్రా అందంగా ఉంటుంది కానీ మెత్తటి, కాస్త చల్లటి నీళ్ళ చేప. గోల్డ్ ఫిష్ మొక్కల్ని పీకి పారేస్తుంది. పాచి తింటుందని సక్కర్ చేప అంటగడతారు, అది అడుగు దాటి పెరుగుతుంది. విసుగొచ్చి జనం వదిలేస్తే కృష్ణలో, చెరువుల్లో పెరిగి ఇప్పుడు జాలర్ల వలలు చింపుతోంది. నీకు వద్దనిపించిన చేపని షాపులో తిరిగివ్వు గానీ కాలవలో మాత్రం వదలకు.

మేలో నీళ్ళు 33 డిగ్రీలు దాటతాయి. వేడెక్కిన కొద్దీ నీళ్ళలో ఆక్సిజన్ తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకి 9 మిల్లీగ్రాములు పట్టే నీళ్ళు 30 దగ్గర ఏడున్నరే పడతాయి. మూత తీసి, నీటి మట్టానికి అడ్డంగా చిన్న టేబుల్ ఫ్యాను తిప్పితే రెండు డిగ్రీలు తగ్గుతుంది. ఐసు ముక్కలు వెయ్యొద్దు, వేడీ చలీ మారిపోతే చేప తట్టుకోదు. ఒక సంగతి మాత్రం గుర్తుంచుకో, రాత్రిపూట మొక్కలు కూడా ఆక్సిజన్ పీల్చుకునేవే. కాబట్టి రాత్రి కరెంటు పోయి చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తుంటే, మొక్కలున్నాయి కదా అని ఊరుకోకు. మగ్గుతో నీళ్ళు ముంచి పైనుంచి పోస్తూ ఉండు, లేదా ఎయిర్ పంపుని ఇన్వర్టరుకి కలిపించు.

మిగతా చాకిరీ తక్కువే. పదిరోజులకోసారి పావు వంతు నీళ్ళు పైపుతో లాగి, మార్చు. స్పాంజిని కుళాయి కింద కాదు, ఆ లాగిన నీళ్ళలోనే పిండు, కుళాయి క్లోరిన్ తగిలితే కష్టపడి పెంచిన బాక్టీరియా చస్తుంది. మేత రెండు నిమిషాల్లో తినేసేంతే. అనూబియాస్ ఆకు మీద పచ్చటి చుక్కలు గట్టిపడితే లైటు గంట తగ్గించు, మందు పొయ్యకు. రోడ్ల వెంట బాదం చెట్టు ఎండుటాకులు దొరుకుతాయి కదా, కడిగి ఉడకబెట్టి ఒకటి వెయ్యి. నీళ్ళు పలచటి టీ రంగులోకి వస్తాయి, పాచికి వెలుతురు ఇంకాస్త తగ్గుతుంది.

ఇసుక కడిగి, తొట్టి పెట్టుకుని నాకు కబురు పెట్టు. మా తొట్టిలో అనూబియాస్ బాగా గుబురెక్కింది, రెండు ముక్కలు కోసి తడి పేపరులో చుట్టి తెస్తాను. నా ఫిల్టరులోని పాత స్పాంజి సగం కోసి నీళ్ళ కవరులో తెస్తే నీ నెలన్నర నిరీక్షణ సగానికి పడిపోతుంది. ఈలోగా మీ బోరు నీళ్ళు ఒక సీసాలో, సంపు నీళ్ళు ఇంకో సీసాలో పట్టి, ఏది ఏదో పేరు రాసి పక్కన పెట్టు.

ఇట్లు,
మీ బాబాయి