పెళ్లి ఫొటోలకు ప్రైమ్ లెన్సా, జూమ్ లెన్సా?

ప్రశ్న: నా దగ్గర కెనాన్ 200డి మార్క్ 2 కెమెరా, దానితోపాటు వచ్చిన 18-55 మి.మీ. లెన్స్ ఉన్నాయి. పగటిపూట ఆరుబయట ఫొటోలు బాగానే వస్తున్నాయి కానీ, ఇంట్లోనూ ఫంక్షన్ హాళ్లలోనూ తీసినవి మసకగా ఉంటున్నాయి. రెండు నెలల్లో మా తమ్ముడి పెళ్లి ఉంది. ముహూర్తం రాత్రి 11 దాటాక. ఉన్న డబ్బుతో ఒక్క లెన్సే కొనగలను. 50 మి.మీ. ఎఫ్/1.8 ప్రైమ్ (జూమ్ లేని లెన్స్) తీసుకోమని ఒకరు, 18-135 మి.మీ. జూమ్ తీసుకుంటే అన్నిటికీ పనికొస్తుందని మరొకరు చెబుతున్నారు. పెళ్లి హడావిడి అయ్యాక రామప్ప గుడి శిల్పాలు తీయాలని కూడా ఉంది. ఏది కొనమంటారు?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం: ముందుగా మసకగా వచ్చిన ఫొటో ఒకటి కంప్యూటర్‌లో పెద్దది చేసి చూడండి. వెనక గోడమీది క్యాలెండర్ అంకెలు స్పష్టంగా ఉండి, పసుపు దంచుతున్న చేతులు మాత్రమే చెదిరినట్టుంటే, తప్పు మీ చేతి వణుకుది కాదు. షట్టర్ తెరిచి ఉన్నంతసేపట్లో ఎదుటివారు కదిలారు. క్యాలెండర్‌తో సహా అంతా చెదిరి ఉంటే కెమెరా కదిలిందని అర్థం. ఈ రెండో లోపాన్ని లెన్స్‌లోని స్టెబిలైజేషన్ (చేతి వణుకును సర్దే ఏర్పాటు) చాలావరకు సర్దుతుంది. అది మీ కెమెరాతో వచ్చిన కిట్ లెన్స్‌లో ఇప్పటికే ఉంది. మొదటి లోపాన్ని ఏ స్టెబిలైజేషనూ సర్దలేదు. దానికి షట్టర్ స్పీడ్ పెరగాలి, అంటే లోపలికి వచ్చే వెలుతురు పెరగాలి.

18-135 కొంటే మీ కష్టం తీరదని నేను అనడానికి కారణం ఇదే. అది వెడల్పు చివర (18 మి.మీ.) ఎఫ్/3.5 వరకు, పొడవు చివర మీ 18-55 లాగే ఎఫ్/5.6 వరకు మాత్రమే తెరుచుకుంటుంది; ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువగా తెరుచుకున్నట్టు. దూరంగా ఉన్నవి పెద్దవిగా పడతాయి కానీ, చీకటి అలాగే ఉంటుంది. 50 మి.మీ. ప్రైమ్ ఎఫ్/1.8 వరకు తెరుచుకుంటుంది కాబట్టి, ఎఫ్/5.6 తో పోలిస్తే దాదాపు పదింతల వెలుతురు సెన్సర్‌మీద పడుతుంది. ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సర్ సున్నితత్వం) మార్చకుండానే, కిట్ లెన్స్‌తో 1/20 సెకను పట్టే ఫొటోకు దీనితో 1/200 సెకను సరిపోతుంది. తలంబ్రాలు పోసేటప్పుడు 1/20 దగ్గర బియ్యం తెల్లటి గీతల్లా పడుతుంది, చేతులు పొగలా కనిపిస్తాయి. 1/200 దగ్గర చేతులూ ముఖాలూ నిలుస్తాయి. గింజలు కూడా గాలిలో ఆగినట్టు రావాలంటే ఇంకా వేగం కావాలి, అప్పుడు ఐఎస్ఓ కొంత పెంచుకోవచ్చు.

అందుకని మీకు 50 మి.మీ. ఎఫ్/1.8 కొనమనే చెబుతాను. కెనాన్ 2015లో తెచ్చిన ఎస్టీఎం రకం 160 గ్రాములే ఉంటుంది; ఆరు గాజు పలకలతో పని ముగించుకునే సాదా నిర్మాణం కాబట్టే అంత వెలుతురును అంత తక్కువ ధరకు ఇవ్వగలుగుతుంది. ఫోకల్ లెంగ్త్ (లెన్స్‌మీద మి.మీ.లలో రాసి ఉండే అంకె) మారుతూ ఉన్నా ఫోకస్ చెదరకుండా జూమ్‌లో పలకల గుంపులు ముందుకూ వెనక్కూ జరగాలి, కాబట్టి వెలుతురు పెంచబోతే బరువూ ధరా పెరుగుతాయి. కెనాన్ 24-70 మి.మీ. ఎఫ్/2.8 రెండో తరం లెన్స్ 805 గ్రాములు తూగుతుంది. పెళ్లిళ్లు తీయడమే వృత్తిగా ఉన్నవారు ఆ బరువు మోస్తారు, వారికి అది తప్పదు కూడా. మీకు ఆ అవసరం లేదు.

అయితే ఈ లెన్స్‌తో వచ్చే ఇబ్బందిని కొనే ముందే తెలుసుకోవాలి. మీ కెమెరా సెన్సర్ చిన్నది కాబట్టి దానిమీద 50 మి.మీ. లెన్స్ ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరామీద 80 మి.మీ. లెన్స్ చూపినంత ఇరుకుగా చూపుతుంది. అయిదు మీటర్ల వెడల్పున నిలబడిన బంధువులను ఒక్క ఫొటోలో పట్టాలంటే మీరు 11 మీటర్లకు పైగా వెనక్కి వెళ్లాలి. కిట్ లెన్స్‌ను 18 దగ్గర ఉంచితే నాలుగు మీటర్లు చాలు. పెళ్లి జరిగే హాల్లో మండపం ముందు ఎన్ని అడుగుల ఖాళీ ఉంటుందో, ఆ ఖాళీలో వీడియో వాళ్ల స్టాండ్లు ఎక్కడ ఉంటాయో ముందే చూసి రండి. కిట్ లెన్స్‌ను 50 దగ్గర ఉంచి, అక్కడే నాలుగు ఫొటోలు తీసి చూస్తే సందేహం తీరిపోతుంది.

ప్రైమ్ ఉన్నవారు కాళ్లతోనే జూమ్ చేసుకోవాలని కొందరు చెప్పే మాటతో నేను ఏకీభవించను. జూమ్ రింగ్ తిప్పితే ఉన్నచోటనుంచి దృశ్యం పెద్దదో చిన్నదో అవుతుందంతే. అడుగు ముందుకు వేస్తే ముఖంలో ముక్కుకూ చెవులకూ మధ్య పోలికే మారిపోతుంది. పెళ్లికూతురి ముఖాన్ని అడుగు దూరంనుంచి 18 దగ్గర తీసి, మళ్లీ రెండు మీటర్ల దూరంనుంచి 50 దగ్గర తీసి పోల్చండి, తేడా మీకే తెలుస్తుంది. దూరాన్ని ముందు ఎంచుకోవాలి, దానికి తగిన ఫోకల్ లెంగ్త్ ఆ తర్వాత.

మరో జాగ్రత్త: ఎఫ్/1.8 దగ్గర మీటరు దూరంలో ఉన్న ముఖాన్ని తీస్తే స్పష్టంగా ఉండే మందం మూడు సెంటీమీటర్లకు లోపే. కంటిమీద ఫోకస్ పెడితే ముక్కు కొన కొద్దిగా మెత్తబడుతుంది. వధూవరులిద్దరినీ కలిపి తీసేటప్పుడు లెన్స్ తెరుపును ఎఫ్/2.8 కు తగ్గించి, కొంచెం వెనక్కి జరగండి.

ముహూర్త సమయంలో లెన్స్ మార్చే పని పెట్టుకోవద్దు. మా పిన్ని కూతురి పెళ్లిలో జీలకర్ర బెల్లం ఘట్టం అయ్యాక నేను లెన్స్ విప్పి ఇంకొకటి బిగిస్తుండగా మంగళసూత్రం మొదటి ముడి పడిపోయింది. ఆ ముడి ఫొటో ఇప్పటికీ మా వాళ్ల ఆల్బమ్‌లో లేదు, ఆ బాధ నాకు పోలేదు. పైగా అక్షింతలు, పసుపు ఎగిరే చోట కెమెరా నోరు తెరిచి పట్టుకోవడం సెన్సర్‌కూ మంచిది కాదు. గణపతి పూజ మొదలు తలంబ్రాల దాకా 50 మి.మీ. ఉంచండి; గ్రూప్ ఫొటోల వేళకు పక్క గదిలోకి వెళ్లి కిట్ లెన్స్ బిగించుకోండి. అప్పటికి అందరూ కదలకుండా నిలబడతారు కాబట్టి దానితో సరిపోతుంది.

రామప్ప సంగతి వేరు. చూరుకింద వాలుగా నిలిచిన నల్లరాతి మదనికలు మనిషి తలకు చాలా ఎత్తున ఉంటాయి, వాటి దగ్గరికి వెళ్లే వీలు లేదు, పగటి వెలుతురు మాత్రం కావలసినంత ఉంటుంది. అక్కడ 18-135 చేసే పనిని 50 మి.మీ. చేయలేదు. ఆ ఒక్క ప్రయాణం కోసం దాన్ని కొనకండి. లెన్సులు రోజు లెక్కన అద్దెకు ఇచ్చే దుకాణాలు హైదరాబాద్‌లో ఉన్నాయి. తీసుకునేటప్పుడే మీ కెమెరాకు బిగించి, 135 దగ్గర రెండు ఫొటోలు తీసి, ఫోకస్ సరిగ్గా పడుతోందో లేదో అక్కడే చూసుకోండి.