గ్రానైట్ కటింగ్ పనికి ఏ మాస్క్ కొనాలి? 14 ఏళ్లుగా ఆ దుమ్ములో ఉన్నవాడిగా చెప్తున్నాను

19 ఏళ్ల మీ తమ్ముడు కిచెన్ ప్లాట్‌ఫామ్‌లు కోసే పనిలో చేరాడని, రోజూ సాయంత్రం కనురెప్పల దాకా తెల్లగా ఇంటికొస్తున్నాడని, మెడికల్ షాపులో ఎన్95 అని 40 రూపాయలదీ 200 రూపాయలదీ రెండూ చూపిస్తే ఏది కొనాలో తెలియట్లేదని రాశారు కదండీ. అది చదివాక జవాబు రాయకుండా ఉండలేకపోయాను. నేను హైదరాబాద్‌లో గ్రానైట్, టైల్స్ పనిలో 14 ఏళ్లుగా ఉన్నాను. హెల్పర్‌గా మొదలుపెట్టాను, ఇప్పుడు సొంతంగా సైట్లు చేయిస్తున్నాను.

ముందు సూటిగా జవాబు. ఈరోజే కొనాలంటే ఐఎస్ఐ మార్కు ఉన్న ఎఫ్ఎఫ్‌పీ2 మాస్క్ (ఎన్95 లాంటిదే, సన్న దుమ్ముని వడకట్టే రకం, వివరం కింద చెప్తాను) కొనండి, చెవులకు తగిలించేది కాకుండా తల వెనక్కి రెండు పట్టీలు వచ్చేది. ఎఫ్ఎఫ్‌పీ3 దొరికితే ఇంకా మంచిది. అతను ఇదే పనిలో ఉంటాడనుకుంటే మాత్రం వచ్చే జీతంలో కొంచెం పక్కన పెట్టి, ఫిల్టర్లు మార్చుకునే రబ్బరు హాఫ్ మాస్క్ (ముక్కు, నోరు మాత్రమే కప్పేది) ఒకటి కొనివ్వండి. మెడికల్ షాపులో దొరకదు, సేఫ్టీ సామాన్లు అమ్మే షాపుల్లో అడగాలి (బూట్లు, హెల్మెట్లు, గ్లౌజులు అమ్మే చోట). సికింద్రాబాద్ రాణిగంజ్ వైపు అలాంటి షాపులు వరసగా ఉంటాయి.

ఇక ఎందుకో చెప్తాను, ఎందుకంటే కారణం తెలియకపోతే మీ తమ్ముడు రెండో రోజే దాన్ని తీసి జేబులో పెట్టేస్తాడు.

నేను మొదటి నాలుగేళ్లు తువ్వాలే కట్టుకున్నాను. తడిపి కట్టుకుంటే దుమ్ము ఆగుతుందని మా మేస్త్రి చెప్పేవాడు, ఆయనా అలాగే చేసేవాడు. ఆయనకు 40 దాటాక ఆయాసం మొదలైంది. మూడో అంతస్తుకి స్లాబ్ మోసే మనిషి, ఖాళీ చేతులతో మొదటి అంతస్తు ఎక్కేసరికి రెయిలింగ్ పట్టుకుని నిలబడిపోయేవాడు. ఒక ఆసుపత్రిలో టీబీ అన్నారు, నెలల తరబడి మందులు వాడాడు, దగ్గు తగ్గలేదు. తర్వాత ఇంకో చోట డాక్టరు ఎక్స్‌రే చూసి మొట్టమొదట అడిగిన మాట, "మీరేం పని చేస్తారు?" అని. అది సిలికోసిస్. దానికి నయమయ్యే మందు లేదండీ. రాతిపొడి ఊపిరితిత్తుల్లో మచ్చలు కట్టేస్తుంది, ఆ మచ్చలు మళ్లీ పోవు, పని మానేసినా కొందరికి ముదురుతూనే ఉంటుంది. పైగా సిలికోసిస్ ఉన్నవాళ్లకి టీబీ వచ్చే అవకాశం ఎక్కువ, అందుకే ఈ రెండూ కలగాపులగం అయిపోతాయి. మీ తమ్ముడికి ఎప్పుడు దగ్గు వచ్చి డాక్టరు దగ్గరికి వెళ్లినా, వాళ్లు అడక్కపోయినా "రాయి కోసే పని చేస్తాను" అని ముందే చెప్పమనండి.

తడి తువ్వాలు ఎందుకు పనికిరాదంటే, కంటికి కనిపించే దుమ్ము అసలు ప్రమాదం కాదు. అది ముక్కులో, గొంతులో ఆగిపోతుంది, కక్కేస్తాం, చీదేస్తాం. ఊపిరితిత్తుల అడుగు దాకా వెళ్లేది మనకు కనిపించని సన్నటి పొడి. తువ్వాలు నేతలో దారానికీ దారానికీ మధ్య ఉండే సందు దానికి సింహద్వారం లాంటిది. కటింగ్ ఆపాక గది తేటగా కనిపించినా ఆ పొడి చాలాసేపు గాలిలోనే తేలుతూ ఉంటుంది. మన కుర్రాళ్లు సరిగ్గా అప్పుడే మాస్క్ తీసి, చీపురు పట్టి, ఊడ్చడం మొదలుపెడతారు. నన్నడిగితే కోసేటప్పటి కన్నా ఆ పొడి ఊడుపు దగ్గరే ఎక్కువ పీలుస్తారు.

రాయిని బట్టి కూడా తేడా ఉంది. సిలికోసిస్ తెచ్చేది రాతిలో ఉండే సిలికా అనే పదార్థం, మార్బుల్‌లో అది తక్కువ. అసలు గ్రానైట్‌లో క్వార్ట్జ్ (సిలికాతో ఏర్పడిన ఖనిజం) ఐదో వంతుకు తగ్గకుండా ఉంటుంది. మన చీమకుర్తి బ్లాక్ గెలాక్సీని గ్రానైట్ అనే అమ్ముతాం గానీ అది వేరే జాతి రాయి, క్వార్ట్జ్ తక్కువే. అలాగని దాని దుమ్ము పీల్చవచ్చని కాదు. అన్నిటికంటే భయపడాల్సింది ఇప్పుడు ఫ్లాట్లలో అందరూ అడుగుతున్న తయారీ క్వార్ట్జ్ స్లాబులు, రెసిన్‌తో అతికించి చేసేవి. వాటిల్లో 90 శాతం పైన సిలికానే ఉండొచ్చు. వాటిని కోసేవాళ్లు చిన్న వయసులోనే జబ్బుపడుతుంటే 2024 జులై 1 నుంచి ఆస్ట్రేలియాలో వాటిని పూర్తిగా నిషేధించారు. మీ తమ్ముడు ఏ స్లాబులు కోస్తున్నాడో ఒకసారి కనుక్కోండి.

ఇప్పుడు మాస్కుల సంగతి. ఎన్95 అనేది అమెరికా లెక్క, 0.3 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కణాల్లో కనీసం 95 శాతం ఆపాలి. ఎఫ్ఎఫ్‌పీ2 యూరప్ పద్ధతి, 94 శాతం. ఎఫ్ఎఫ్‌పీ3 అయితే 99. మన దేశంలో ఈ ఎఫ్ఎఫ్‌పీ రకాలకు ఐఎస్ 9473 అనే ప్రమాణం ఉంది. మాస్క్ మీద గానీ డబ్బా మీద గానీ ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 9473, దాంతోపాటు సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉండాలి. ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్ (ఐఎస్ఐ మార్కు ఇచ్చే ప్రభుత్వ సంస్థది) వేసుకుని ఆ నంబరు కొడితే కంపెనీ పేరు వస్తుంది, డబ్బా మీది పేరుతో సరిపోలిందో లేదో చూడండి. మీకు చూపించిన 40 రూపాయల దాని మీద ఒట్టి ఎన్95 అని అచ్చేసి ఇంకేమీ లేకపోతే అది వద్దు. అలాగని 200 పెట్టింది అసలుదని నమ్మకండి, నంబరు చూడండి. నీలం రంగు సర్జికల్ మాస్క్ ఈ పనికి అసలు కాదు, బుగ్గల పక్కన సందులుంటాయి, గాలి ఎప్పుడూ అడ్డం లేని దారినే వెతుక్కుంటుంది.

మాస్క్ ముందు భాగంలో వాల్వ్ (మనం వదిలే గాలి బయటికి పోయే చిన్న మూత) ఉన్నది కొనొచ్చా అని కూడా అడిగారు. 2020 జులైలో కేంద్ర ఆరోగ్యశాఖ వాల్వ్ మాస్కులు వద్దంది కదా అని చాలామందికి అనుమానం. అది కరోనా గురించి, మనం వదిలే గాలి వడకట్టకుండా బయటికి పోతుందని. రాతి దుమ్ముకి ఆ సమస్య లేదు, మనం పీల్చే గాలి ఫిల్టర్ నుంచే వస్తుంది, వదిలేది వాల్వ్ నుంచి తేలిగ్గా పోతుంది. ఎండాకాలంలో కిటికీలు కూడా బిగించని ఫ్లాట్‌లో వాల్వ్ లేని మాస్క్ గంట సేపు పెట్టుకోవడం కష్టం. నేను వాల్వ్ ఉన్నదే వాడతాను.

శాతాల కంటే ముఖ్యమైన మాట ఒకటుంది. మాస్క్ ముఖానికి అతుక్కోకపోతే 99 శాతం రాసి ఉన్నా వృథా. నాకు ఇది ఎలా తెలిసిందంటే, మంచి మాస్క్ కొన్న మొదటి రోజు సాయంత్రం తీసి లోపలి వైపు చూశాను. ముక్కు ఎముక పక్కన, ఎడమవైపు, వేలెడంత బూడిదరంగు చార ఉంది. పొద్దుట్నుంచి దుమ్మంతా ఆ సందులోంచి నా ముక్కులోకే వచ్చింది. ముక్కు మీద రేకుని ఒక్క చేత్తో గిల్లినట్టు నొక్కాను, అది మధ్యలో కోణంలా వంగి రెండు పక్కలా ఖాళీ వదిలింది. రెండు చేతుల వేళ్లతో ముక్కు ఆకారానికి మెల్లగా దువ్వుతున్నట్టు నొక్కాలి. ఒక పట్టీ నడినెత్తి వెనక్కి, రెండోది చెవుల కిందుగా మెడ మీదకి రావాలి. రెండూ మెడ మీదే వేసుకునేవాళ్లని రోజూ చూస్తుంటాను. తర్వాత రెండు చేతులూ మాస్క్ మీద కప్పి గట్టిగా ఊదాలి. కళ్ల వైపు గానీ బుగ్గల దగ్గర గానీ గాలి తగిలితే సరిచేసుకోవాలి (వాల్వ్ ఉంటే దాన్ని అరచేత్తో మూసి ఊదాలి). ఇంకోటి, గడ్డం. మీ తమ్ముడి వయసు కుర్రాళ్లకు బాధగానే ఉంటుంది గానీ, పెరిగిన గడ్డం మీద ఏ మాస్కూ అతకదు. అంచు ఆనే చోట నున్నగా గీసుకుని ఉండాలి. మీసం ఆ అంచుకి తగలనంత వరకు ఉంచుకోవచ్చు.

అన్నీ సరిగ్గా చేసినా, ఇలాంటి సగం ముఖం మాస్క్ బయటి దుమ్ముని పదోవంతుకి తగ్గిస్తుందనే అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా లెక్క. అదే సంస్థ సిలికాకి పెట్టిన హద్దు ఘనపు మీటరు గాలిలో 50 మైక్రోగ్రాములు, అంటే ఒక గ్రాముని 20,000 భాగాలు చేస్తే అందులో ఒక భాగం. మూసిన వంటగదిలో గ్రైండర్‌తో సింక్ హోల్ పొడిగా కోస్తే ఆ హద్దుకి పదిరెట్లు దాటడం పెద్ద విషయం కాదు. అప్పుడు ఎంత ఖరీదు మాస్కైనా ఒక్కటే కాపాడలేదు. అందుకే ముందు నీళ్లు, ఆ తర్వాతే మాస్క్. నీటి పైపు అమర్చిన వెట్ కట్టర్లు ఉంటాయి, బ్లేడ్ మీద ఆగకుండా నీళ్లు పడితే దుమ్ము లేవకుండా బురదగా కిందికి జారుతుంది. మామూలు గ్రైండర్ మీద హెల్పర్‌తో సీసాలో నీళ్లు పోయించడం మాత్రం వద్దు, కరెంటు షాక్ కొడుతుంది. వెట్ కట్టర్ అయినా ఈఎల్‌సీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) ఉన్న లైనుకే పెట్టాలి. వీలైనంత కటింగ్ బాల్కనీలో, ఆరుబయట చేయాలి, ఊడ్చే ముందు నీళ్లు చల్లాలి. నా సైట్లలో ఇప్పుడు పొడి కటింగ్ లేదు. పని గంట ఆలస్యమవుతుందని ఓనర్లు గొణిగితే మా మేస్త్రి సంగతి చెప్తాను.

మాస్క్‌ని ఉతకకూడదు. దాని పొరల్లో ఉండే విద్యుదావేశమే సన్న పొడిని పట్టుకునేది, సబ్బునీళ్లు, శానిటైజర్ తగిలితే అది పోతుంది. పీల్చడం బరువైనా, తడిసినా, పట్టీ వదులైనా పారేయాలి. మా పనిలో ఎఫ్ఎఫ్‌పీ2 ఒక రోజు, మహా అయితే రెండు రోజులు. లెక్కేసుకుంటే నెలకి ఆ ఖర్చు పెరిగిపోతుంది, అందుకే రబ్బరు మాస్క్ చివరికి చవక. ముఖభాగం ఏళ్ల తరబడి వస్తుంది, సబ్బుతో కడుక్కోవచ్చు, ఫిల్టర్లు మార్చుకుంటే చాలు. ఫిల్టర్లలో పీ3 రకం గానీ, ముదురు గులాబీ రంగులో వచ్చే పీ100 రకం గానీ అడగండి. టీ తాగేటప్పుడు దాన్ని మెడలో వేలాడేస్తే లోపల దుమ్ము పడుతుంది, మూతున్న టిఫిన్ డబ్బాలో పెట్టుకోమనండి.

ఈ మాస్కులు ఏవీ ఆవిరిని ఆపవు. అతికించే ఎపాక్సీ, థిన్నర్, సీలర్ వాసన మాస్క్‌లోంచి వస్తోందంటే మాస్క్ నకిలీదని కాదు, అది దుమ్ము కోసం చేసింది. వాటికి బొగ్గు నింపిన వేరే కార్ట్రిడ్జులు ఉంటాయి, అదే రబ్బరు మాస్క్‌కి బిగించుకోవచ్చు. పాత బావిలోకో, మూసి ఉన్న సంపులోకో, సెప్టిక్ ట్యాంకులోకో ఎవరైనా దిగమంటే మాత్రం ఏ మాస్కూ నమ్ముకుని దిగొద్దని గట్టిగా చెప్పండి. అక్కడ ప్రాణవాయువే ఉండకపోవచ్చు, ఫిల్టర్ ఉన్న గాలిని వడకడుతుంది గానీ లేనిదాన్ని ఎక్కడి నుంచి తెస్తుంది? ఒకరిని కాపాడబోయి ఇంకొకరు దిగి ఇద్దరూ పోయిన వార్తలు మన ఊళ్లలో ప్రతి ఎండాకాలం వింటూనే ఉన్నాం.

పని బట్టలు ఇంట్లో దులపనివ్వకండి, తడిపి విడిగా ఉతకండి. ఇప్పుడే ఒక ఛాతీ ఎక్స్‌రే తీయించి, ఊపిరి ఊదించే పరీక్ష కూడా చేయించి ఆ కాగితాలు దాచండి. తర్వాత తీసినవాటితో పోల్చడానికి డాక్టరుకి అవే ఆధారం.

మాస్క్ కొన్నాక మొదటి రోజు సాయంత్రం లోపలి వైపు ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. చార ఎక్కడుందో చూసి, ఎక్కడ సరిచేసుకోవాలో చెప్తాను.