ల్యాబ్ ఉన్న బడి మానిపించి ఫౌండేషన్ కోర్సులో చేర్చాలా?

"మా బాబు జిల్లా పరిషత్ హైస్కూల్లో తొమ్మిదో తరగతి. అక్కడ పిల్లలు సొంతంగా పరికరాలు తయారుచేసుకునే అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉంది. సాయంత్రం దాకా వైర్లు, సెన్సార్లే లోకం. మార్కులు 70 దాటడం లేదు. ఐఐటీ ఫౌండేషన్ ఉన్న కార్పొరేట్ స్కూల్లో వేయమని బంధువులు అంటున్నారు" అని ఒక తల్లి రాశారు.

అమ్మా, మార్చొద్దు. ల్యాబ్‌లో ఉన్నంతసేపూ చదువు పోతోందన్నది మీ టెన్షన్, కానీ వాడు రేపు రాయబోయే జేఈఈ సిలబస్‌లోనే ప్రయోగాలున్నాయి: చిన్న కొలతలు తీసే వెర్నియర్ కాలిపర్స్, స్క్రూగేజి, ఓమ్ నియమం, మీటర్ బ్రిడ్జి, రెజొనెన్స్ కాలమ్. కాలిపర్స్ దవడలు మూసినప్పుడు వెర్నియర్ (జరిగే చిన్న స్కేలు) సున్నా మెయిన్ స్కేలు సున్నాకి కుడివైపున ఉంటే ఆ ఎర్రర్‌ని కలపాలా, తీసేయాలా? పరికరాన్ని ఎన్నడూ పట్టుకోకుండా బట్టీ పట్టిన పిల్లలు పరీక్ష హాల్లో సరిగ్గా ఇక్కడే తడబడతారు. చేత్తో పట్టుకుని చూసినవాడికి అది అసలు కంటే ఎక్కువ చూపిస్తోందని తెలుసు కాబట్టి తీసేస్తాడు, అంతే.

అలాగని మార్కులు వాటంతట అవే పెరగవు. నాకు కనబడుతున్న లోటు ఏమిటంటే, వాడు చేసే పనికీ వాడి పుస్తకానికీ మధ్య ఎవరూ వంతెన వేయలేదు. ఎల్ఈడీకి 220 ఓమ్‌ల రెసిస్టర్ ఎందుకు పెట్టావురా అని అడిగి చూడండి. సార్ పెట్టమన్నారు అంటే కుదరదు. వాడు వాడే సర్క్యూట్ బోర్డు ఇచ్చేది 5 వోల్టులు, ఎర్ర ఎల్ఈడీ దగ్గర సుమారు 2 పోతాయి, మిగిలిన 3 వోల్టులని 220తో భాగిస్తే దాదాపు 14 మిల్లీ ఆంపియర్లు, అందుకే ఎల్ఈడీ కాలిపోదు. ఈ లెక్క నోట్‌బుక్‌లో రాస్తే పదో తరగతిలో వచ్చే కరెంటు పాఠంలో సగం ఇప్పుడే అర్థమైనట్టు. చేసిన ప్రతి ప్రాజెక్టుకీ ఒక పేజీ: బొమ్మ, లెక్క, ఎక్కడ పని చేయలేదు, ఎందుకు. ఇది రాస్తే తప్ప ల్యాబ్‌కి వెళ్లనివ్వనని చెప్పండి, వింటాడు. దాంతో పాటు రోజూ ఒక గంట లెక్కలు, ఇందులో మాత్రం బేరాల్లేవు, ఎందుకంటే ఎంపీసీలో ఎక్కువమంది పిల్లలు చతికిలబడేది లెక్కల దగ్గరే.

పిల్లల కొత్త ఐడియాలకి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఇన్‌స్పైర్ మనక్ అవార్డుకి వాడి ఐడియా బడి నుంచి పంపించారా? ఎంపికైతే మోడల్ తయారీకి పిల్లాడి ఖాతాలో 10,000 రూపాయలు వేస్తారు, జిల్లా ప్రదర్శనలో జడ్జీల ముందు నిలబడి వివరించాలి. ఆ డబ్బు కంటే ఆ వివరించడం వాడికి చాలా అవసరం.

పదయ్యాక దారులు చాలానే ఉన్నాయి. సైన్స్ మీదే ఇష్టం నిలిస్తే ఎంపీసీ చేసి, తిరుపతి ఐసర్ లాంటి సైన్స్ పరిశోధన సంస్థలో చేరడానికి వాళ్ల ప్రవేశ పరీక్ష ఐఏటీ రాయొచ్చు. చేతిపనే ఎక్కువ నచ్చితే పాలీసెట్ రాసి డిప్లొమా, తర్వాత ఈసెట్‌తో నేరుగా బీటెక్ రెండో ఏడాది. దీన్ని తక్కువ చదువని ఎవరైనా అంటే పట్టించుకోకండి.

ఈ వారం వీలు చూసుకుని ఫిజికల్ సైన్స్ మాస్టారిని కలవండి. బాబు తరగతిలో ఎక్కడ వెనకబడుతున్నాడో, పుస్తకంలోని ప్రయోగాల్లో పిల్లలతో చేయిస్తున్నవి ఏవో అడగండి. ఆయన చెప్పింది నాకు రాస్తే, లెక్కలకి ట్యూషన్ కావాలో అక్కర్లేదో అప్పుడు చెప్తాను.