పడవ మేస్త్రీ జవాబులు: అడుగున మిగిలిపోయే నీళ్లు

ప్రశ్న: మాది కైకలూరు దగ్గర పల్లె. శీలావతి, బొచ్చె చేపల చెరువు చేస్తున్నాం. మేత సంచులు కట్టడానికి 12 అడుగుల ఫైబర్ పడవ ఉంది. తౌడు బస్తాలన్నీ రోజూ దాంట్లోనే వెళ్తాయి. మగ్గుతో ఎంత తోడినా అడుగున అంగుళం నీళ్లు మిగిలిపోతున్నాయి. అందులో తౌడు నాని, పులిసి, కంపు కొడుతోంది. బస్తాల అడుగులు తడిసిపోతున్నాయి. మా కుర్రాడికి రోజూ ముప్పావు గంట ఇదే పని. 12 వోల్టుల పంపు పెట్టిస్తే ఈ బాధ పోతుందా?

జవాబు: రైతు గారూ, పంపు సంగతి కాసేపు పక్కన పెడదాం. ముందు ఆ అంగుళం ఎంతో లెక్క చూద్దాం. మీ పడవ అడుగు పన్నెండడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు అనుకోండి. దాని మీద అంగుళం మేర నీళ్లు నిలిస్తే 85 లీటర్లు. అంటే 85 కిలోలు. అడుగు గుండ్రంగా ఉంటే కాస్త తగ్గుతుందేమో గానీ, మీ కుర్రాడు పడవ ఎక్కకముందే ఒక భారీ మనిషి అందులో పడుకుని ఉన్నట్టే. పైగా ఆ మనిషి ఒకచోట ఉండడు. మీరు ఎటు వంగితే అటే దొర్లి వస్తాడు.

ఇది నేను పుస్తకంలో చదివి చెబుతున్న మాట కాదు. నాకు ఇరవై రెండేళ్లప్పుడు నేనూ మా తమ్ముడూ యానాం దిగువన గౌతమి పాయలో వల లాగుతున్నాం. తెల్లవారుజామున వాన పడింది, పడవలో నాలుగు వేళ్ల మందం నీళ్లు నిలిచాయి. తోడదామన్నాడు తమ్ముడు. ముందు వల తీద్దాం, నీళ్లెక్కడికి పోతాయి అన్నాను నేను. వాడు వల కోసం ఎడమ పక్కకి వంగాడు. అడుగున ఉన్న నీళ్లన్నీ ఒక్కసారిగా వాడి కాళ్ల వైపు పరుగెత్తాయి. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తే. బిందె దొర్లినట్టు ఉంటుంది. పడవ అంచు ఏటిని తాకింది, ఇంకో రెండు లెక్కపెట్టేలోపు ఇద్దరం నీళ్లలో ఉన్నాం. పడవ పట్టుకుని తేలాం కాబట్టి బతికాం. తమ్ముడి మోకాలి మీద ఆ రోజు దెబ్బ మచ్చ అలాగే ఉంది. చేపల చెరువులో లోతు తక్కువేగా అనుకోకండి. బస్తాలతో, బరువుతో, ఈత రాని కుర్రాడు ఒక్కడే ఉన్నప్పుడు ఆరడుగుల నీళ్లు చాలు.

ఇక పని దగ్గరికి వద్దాం. మగ్గు గుండ్రంగా, గట్టిగా ఉంటుంది. దాని అంచు పడవ అడుగుకి ఆనదు. కాబట్టి ఎన్నిసార్లు ముంచినా పై నీళ్లే వస్తాయి. వంటనూనె వచ్చే 5 లీటర్ల ప్లాస్టిక్ డబ్బా తీసుకోండి. మూత గట్టిగా బిగించి, పిడి వైపు ఉంచి, అడుగు భాగాన్ని ఏటవాలుగా కోసేయండి. పిడి పట్టుకుంటే అచ్చం చేటలా ఉంటుంది. దాని అంచు మెత్తన కాబట్టి పడవ వంపుకి తగ్గట్టు వంగుతుంది. సగం అంగుళం నీళ్ల దాకా ఇదే తోడేస్తుంది. ఆ తర్వాత ఇల్లు ఊడ్చి చెత్త ఎత్తే ప్లాస్టిక్ చేట. చివర్న స్పాంజి. బజార్లో అమ్మే చిన్న ముక్కలు వద్దు. పాత పరుపులోంచి ఇటుకంత ముక్క కోసుకోండి. అది నీళ్లను పీల్చుకునేదాకా ఆగాలి. అద్ది వెంటనే ఎత్తేస్తే సగం కారిపోతుంది. మెల్లగా నొక్కి, వదిలి, ఒక్క క్షణం ఆగి, రెండు చేతులతో ఎత్తి బకెట్లో పిండాలి. తౌడు జిగురు స్పాంజిలో పట్టేస్తుంది, పని కాగానే మంచినీళ్లలో జాడించి ఎండేయండి, లేకపోతే మర్నాటికి అదే కంపు.

అయితే తోడేదానికంటే ముందు చేయాల్సింది, నీళ్లన్నీ ఒకచోటికి రప్పించడం. మీ వాళ్లు పడవ మధ్యలో కూర్చుని తోడుతున్నారని నా అనుమానం. నీళ్లు పన్నెండడుగులా పరుచుకుని ఉంటాయి కాబట్టే ముప్పావు గంట పడుతోంది. గట్టుకి చేరాక బస్తాలన్నీ దించి, పడవ ముక్కు కింద ఒక అరటి బోదె దొర్లించి, జానెడెత్తు లేపండి. అరటి బోదె మెత్తన, ఫైబర్‌కి గీత పడదు. ఇద్దరు మనుషులు చాలు. ఐదు నిమిషాలు అలా వదిలేసి టీ తాగి రండి. నీళ్లన్నీ వెనక మూలకి చేరతాయి. అప్పుడు డబ్బా, చేట, స్పాంజి. మొత్తం పావుగంట పని.

ముక్కు లేపినా వెనక్కి రాకపోతే దారి మూసుకుపోయిందన్నమాట. పడవ లోపల అడ్డంగా ఎముకల్లాంటి దుంగలు ఉంటాయి కదా, వాటి అడుగున నీళ్లు దాటడానికి చిన్న చిల్లులు పెడతారు. మీ పడవలో అవి తౌడు ముద్దతో గట్టిగా బిగుసుకుపోయి ఉంటాయి, నేను చూడకుండానే చెప్పగలను. పుల్లతో పొడిస్తే ఈ వైపు ముద్ద ఆ వైపుకి పోతుంది అంతే. ఒకసారి శుభ్రంగా కడిగి, ఆ చిల్లులన్నిట్లోంచి ఒక సన్నటి నైలాన్ తాడు దూర్చి, రెండు చివర్లూ ముందూ వెనకా కొక్కేలకి వదులుగా కట్టేయండి. తాడుకి అక్కడక్కడా ముడులు వేయండి. రోజూ తోడే ముందు తాడుని అటూ ఇటూ నాలుగుసార్లు లాగితే ముడులే తౌడుని గీకేస్తాయి. మా తాళ్లరేవు వైపు కర్ర నావల్లో ముసలివాళ్లు కొబ్బరి తాడుతో చేసేవారు, నైలాన్ అయితే కుళ్లదు. అలాగే బస్తాల కింద పరిచిన చెక్కలు మేకులతో బిగించి ఉంటే ఊడబెరికేయండి. చేత్తో ఎత్తి పక్కన పెట్టేలా ఉండాలి. కంటికి కనపడని నీళ్లని ఎవరూ తోడరు.

పంపు సంగతి. పంపు మంచిదే, ఎక్కువ నీళ్లు ఎక్కినప్పుడు ప్రాణం కాపాడుతుంది. కానీ మీరు అడిగిన ఆఖరి అంగుళాన్ని అది తీయలేదు. పంపు అడుగున జల్లెడ ఉంటుంది, దాని పైదాకా నీళ్లుంటేనే లాగుతుంది. ఆపగానే పైపులో ఉన్న నీళ్లు వెనక్కి దిగుతాయి. ముప్పావు అంగుళం పైపు ఐదడుగులుంటే నాలుగు వందల మిల్లీలీటర్ల పైచిలుకు, అంటే రెండు గ్లాసులు మళ్లీ అడుగునే. ఇక మీ తౌడు నీళ్లకి ఆ జల్లెడ రెండు రోజుల్లో పూడుకుపోతుంది. మీకు డబ్బు పెట్టాలనుంటే వెనక పలకకి కింద అంచున ఒక మంచి డ్రెయిన్ ప్లగ్ (నీళ్లు వదిలే చిల్లికి బిగించే బిరడా) పెట్టించండి. గట్టెక్కించి, ప్లగ్ తీసి, ముక్కు లేపితే భూమే తోడేస్తుంది. ప్లగ్‌ని చిన్న గొలుసుతో పడవకే కట్టేయండి. పడవని నీళ్లలోకి నెట్టే ముందు కుర్రాడు ప్లగ్ మీద చెయ్యి పెట్టి చూడాలి. కంటితో చూస్తే చాలదు.

ఇంకొక మాట, ఆ నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో చూశారా? వాన, తెడ్డు నుంచి కారేవి, మనుషుల తడి కాళ్లు, ఇవన్నీ ఉంటాయి. కానీ ఒకరోజు సాయంత్రం స్పాంజితో పూర్తిగా ఆరబెట్టి, టార్పాలిన్ కప్పి, ఖాళీ పడవని రాత్రంతా చెరువులోనే ఉంచండి. పొద్దున్న అడుగు తడిగా ఉంటే చిల్లి ఉన్నట్టే. అప్పుడు పడవని రెండు పాత టైర్ల మీద పెట్టి, బయటవైపు బాగా ఆరనిచ్చి, సుద్దపొడి పల్చగా రాయండి. లోపల రెండు బకెట్ల నీళ్లు పోయండి. ఎక్కువ పోస్తే బరువుకి పడవ అడుగు పగలొచ్చు, రెండే చాలు. కాసేపటికి తెల్లటి సుద్ద మీద ఎక్కడో ఒకచోట వెంట్రుకంత నల్లటి గీత కనిపిస్తుంది. అదే. సాధారణంగా ప్లగ్ చుట్టూనో, ఇంజను బిగించే పలక దగ్గర బోల్టు చిల్లుల దగ్గరో ఉంటుంది. బోల్టు చిల్లిని మాత్రం అశ్రద్ధ చేయకండి. చాలా ఫైబర్ పడవల్లో ఆ పలక లోపల ప్లైవుడ్ ఉంటుంది. పైకి ఫైబర్ నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల చెక్క నాని పిప్పి అయిపోతుంది. నేను విప్పిన ఒక పలకలో చెక్క తడిసిన పేపరులా గోటికి వచ్చేసింది. నమ్మి ఇంజను బిగించిన మనిషికి ఆ రోజు ఏం జవాబు చెప్పాలో నాకు తోచలేదు.

ప్రశ్న: మా పడవకి పెట్రోలు ఇంజను. అడుగు నీళ్ల మీద నూనె తెట్టు తేలుతోంది, వాసన వస్తోంది. సర్ఫ్ వేసి కడిగి ఏట్లో పారబోస్తున్నాం. తప్పా? (యానాం నుంచి)

జవాబు: తప్పే తమ్ముడూ. సర్ఫ్ నూనెని మాయం చేయదు, సన్నగా విరిచి నీళ్లలో కలిపేస్తుంది అంతే. కంటికి కనపడకుండా మడ అడవుల వైపు, రొయ్యపిల్లల వైపు పోతుంది. తెట్టు మీద మెకానిక్ షాపుల్లో వాడే పాత నూలు గుడ్డలు పరచండి, నూనె వాటికి అంటుకుంటుంది. ఆ గుడ్డలు మూత ఉన్న రేకు డబ్బాలో, ఇంటికి దూరంగా పెట్టండి. నూనె తీశాకే మిగతా నీళ్లు తోడండి. దీనికంటే టెన్షన్ పెట్టేది వాసన. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, పైకి పోకుండా పడవ అడుగునే కూర్చుంటుంది. వాసన ఉన్నంతసేపూ బీడీ వద్దు, కరెంటు పంపు స్విచ్చి వద్దు, ఇంజను స్టార్ట్ చేయొద్దు. మూతలన్నీ తీసి గాలి ఆడనివ్వండి, చేత్తోనే తోడండి. పైపు జాయింటు ఎక్కడ కారుతోందో ఆ రోజే చూసుకోండి.

ప్రశ్న: మాది అంతర్వేది వైపు. నాన్నగారి కర్ర నావ ఉంది, వేసవిలో ఒడ్డునే ఉంటుంది. లోపల కొంచెం నీళ్లు ఉంచకపోతే పాడవుతుందని ఆయన అంటారు. దోమలు పెరుగుతున్నాయని ఆశా కార్యకర్త వచ్చి పారబోయమంటుంది. ఎవరి మాట వినాలి?

జవాబు: అమ్మా, ఇద్దరూ సరైన మాటే చెబుతున్నారు. పైన ఫైబర్ పడవని పూర్తిగా ఆరబెట్టమన్నాను కదా, కర్ర నావకి అది నప్పదు. ఎండకి పలకలు కుంచించుకుపోతాయి, మధ్య సందులు విచ్చుకుంటాయి, సందుల్లో కూరిన పత్తి, గుగ్గిలం రాలిపోతాయి. నాన్నగారి భయం అదే. కానీ నిలిచిన వాననీటితో వేరే ప్రమాదం ఉంది. కర్రని కుళ్లబెట్టే బూజుకి ఉప్పునీళ్లకంటే మంచినీళ్లే ఇష్టం. నావలో వాననీళ్లు నెలల తరబడి నిలిస్తే పలకల చివర్లు, మేకుల చుట్టూ మెత్తబడతాయి. ఇక డెంగీ దోమ అలాంటి నీళ్లలోనే గుడ్లు పెడుతుంది, గుడ్డు దోమ కావడానికి వారం పదిరోజులు చాలు. శుక్రవారం డ్రై డే అని మన దగ్గర పెట్టింది అందుకే.

కాబట్టి నీళ్లు నిలబెట్టకుండా తడి ఉంచండి. నావని కొబ్బరి చెట్ల నీడకి జరిపించండి. లోపలా పైనా పాత గోనె సంచులు పరిచి, పొద్దునా సాయంత్రం సముద్రపు నీళ్లు చల్లండి. పైన తాటాకులో కొబ్బరి మట్టలో కప్పండి, గాలి ఆడాలి కాబట్టి టార్పాలిన్ వద్దు. శుక్రవారం రోజు సంచులన్నీ ఎత్తి, అడుగున చేరిన నీళ్లు స్పాంజితో తీసేసి, మళ్లీ పరచండి.

వేట మొదలయ్యే ముందు నావని దించినప్పుడు మొదటి ఒకటి రెండు రోజులు నీళ్లు ఊరుతాయి. కంగారు పడకండి, పలకలు ఉబ్బి సందులు వాటంతటవే మూసుకుంటాయి. గట్టుకి కట్టి ఉంచి, రాత్రి కూడా ఒకసారి లేచి తోడాలి. మూడో రోజు కూడా ఊట ఆగకపోతే పత్తి కూరే మేస్త్రీని పిలిపించండి. నాన్నగారిని కూడా దగ్గర కూర్చోబెట్టండి, ఏ సందు ఎప్పుడు విప్పారో ఆయనకి గుర్తుంటుంది.