సమాధానం: ‘మోచి’ కాస్తా ‘మోగు’ ఎలా అయింది?

సెర్బియన్, క్రొయేషియన్ డిక్షనరీలో ‘మోచి’ అని ఉంది, వాక్యాల్లో ‘మోగు’, ‘మోజెష్’ కనిపిస్తున్నాయి, ఇవి వేర్వేరు క్రియలా అని అడిగారు. కాదండీ, మూడూ ఒకటే. అర్థం ‘చేయగలగడం’.

అసలు ధాతువు ‘మోగ్’. దానికి డిక్షనరీ రూపాన్నిచ్చే ‘తి’ ప్రత్యయం చేరినప్పుడు గ్, త్ కలిసిపోయి సెర్బియన్, క్రొయేషియన్‌లలో ‘చి’గా తేలాయి. ఎకారం ముందు ఆ గకారమే జ అవుతుంది (‘ట్రెజర్’ అన్నప్పుడు పలికే జ): మోగు (నేను), మోజెష్ (నువ్వు), మోజె (అతను, ఆమె), మోజెమో (మేము), మోజెతె (మీరు), మోగు (వాళ్ళు). మొదటిదీ చివరిదీ రాతలో ఒకటే. పలకడంలో ‘నేను’కి ఉకారం పొట్టి, ‘వాళ్ళు’కి దీర్ఘం. మిగతా క్రియల్లో ‘నేను’ రూపం మామూలుగా ‘మ్’తో ముగుస్తుంది. ఇలా ‘ఉ’తో ముగిసేవి ఇప్పటి వాడుకలో ఇదీ, ‘హోచు’ (నాకు కావాలి) మాత్రమే. ఇంగ్లీషు ‘మే’ దీనికి దూరపు చుట్టం.

భూతకాలంలో మగవాళ్ళకి మోగావో, ఆడవాళ్ళకి మోగ్లా. ‘వెళ్ళగలను’ అనడానికి క్రొయేషియా రాజధాని జాగ్రెబ్‌లో ‘మోగు ఇచి’ అంటారు, సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్‌లో ఎక్కువగా ‘మోగు ద ఇదెమ్’. ‘పోమోచి’ (సాయం చేయడం) మాత్రం ‘నేను’ రూపంలో ‘పోమోగ్నెమ్’ అవుతుంది, దాన్ని ఈ వరుసలో ఇరికించకండి. ఎవరైనా కాఫీకి పిలిస్తే ఒక్క ‘మోజె’ చాలు, సరేనన్నట్టే.